ఒక్క మ్యాచ్‌తో ఇంటికి పంపే పోటీలు చాలు: సీమ జిల్లాల్లో టేబుల్ టెన్నిస్ సీజన్‌ను ఎలా కట్టుకోవాలి

జిల్లా స్థాయి టేబుల్ టెన్నిస్ పోటీలు మన దగ్గర ఏళ్ల తరబడి ఒకే తీరుగా సాగుతున్నాయి. ఆదివారం పొద్దున్నే ఎంట్రీలు తీసుకుంటారు, అక్కడికక్కడే చీటీలు వేసి డ్రా తీస్తారు, నాకౌట్ పద్ధతిలో ఆడిస్తారు, సాయంత్రం ముఖ్య అతిథి వచ్చి కప్పులు ఇస్తారు. 32 మంది పిల్లలు పేర్లు ఇస్తే మధ్యాహ్నం కాకముందే 16 మంది ఓడి పక్కన కూర్చుంటారు. రాయదుర్గం నుంచో కళ్యాణదుర్గం నుంచో తెల్లవారుజామున బయలుదేరి అనంతపురం చేరిన పిల్లవాడికి మొదటి మ్యాచ్‌లోనే జిల్లాలోకెల్లా మంచి ఆటగాడు ఎదురుపడితే, పావుగంటలో 3-0తో ఆట ముగుస్తుంది. ఆ తర్వాత వాడికి మిగిలేది తిరుగు ప్రయాణమే. ఇలాంటి పోటీలు ఏడాదికి నాలుగు జరిగినా ఆ పిల్లవాడు ఆడే మ్యాచ్‌లు పదికి చేరవు.

టేబుల్ టెన్నిస్ ఒంటరిగా సాధన చేసి ఎదిగే ఆట కాదు. ఎదుటివాడి సర్వీసులో తిప్పుడు ఎటువైపు ఉందో, 9-9 దగ్గర చేతికి ఏ సర్వీసు ధైర్యంగా వస్తుందో మ్యాచ్ ఆడితేనే తెలుస్తుంది. అందుకే కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతంలో టీటీ బాగుపడాలంటే మొదట పెరగాల్సింది ఒక్కొక్క పిల్లవాడు, ఒక్కొక్క అమ్మాయి ఏడాదిలో ఆడే మ్యాచ్‌ల సంఖ్య అని నా గట్టి నమ్మకం. దానికి లీగు కావాలి, లీగుకు సీజను కావాలి. చెప్పినంత తేలికైన పని కాదిది. గ్రూపుల లెక్కలు, సమానమైన పాయింట్లు, పరీక్షలు, పండుగలు, బస్సు ప్రయాణాలు అన్నీ ఇందులో ముడిపడి ఉన్నాయి. ఆ ముళ్లను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

నాకౌట్ ఎందుకు వదలడం లేదు

నాకౌట్‌లో ఎంత మంది ఆడితే అంతకు ఒకటి తక్కువ మ్యాచ్‌లు జరుగుతాయి. ప్రతి మ్యాచ్ ఒకరిని ఇంటికి పంపుతుంది, చివరికి ఒక్కరే మిగలాలి కాబట్టి. 32 మందికి 31 మ్యాచ్‌లు. అంటే సగటున ఒక్కొక్కరికి రెండు మ్యాచ్‌లు కూడా దక్కవు. అయినా నిర్వాహకులు దాన్ని పట్టుకుని వేలాడటానికి బలమైన కారణమే ఉంది: సమయం. 11 పాయింట్ల గేమ్, ఐదు గేముల్లో మూడు గెలిచినవారిదే మ్యాచ్ అనుకుంటే, ఆటగాళ్లను పిలవడం, రెండు నిమిషాల వార్మప్ కలుపుకొని ఒక్కో మ్యాచ్‌కు 25 నిమిషాలు కేటాయించవచ్చు. నాలుగు టేబుళ్లు ఉన్న హాలులో 16 మ్యాచ్‌ల మొదటి రౌండుకు నాలుగు విడతలు, 8 మ్యాచ్‌లకు రెండు, ఆ తర్వాత క్వార్టర్స్, సెమీస్, ఫైనల్‌కు ఒక్కొక్కటి. మొత్తం తొమ్మిది విడతలు, అంటే మూడు గంటల ముప్పావు. భోజనాల వేళకు ఫైనల్ అయిపోతుంది.

ఇప్పుడు అదే 32 మందిని నలుగురేసి చొప్పున ఎనిమిది గ్రూపులు చేద్దాం. గ్రూపులో ప్రతి ఒక్కరూ మిగిలిన ముగ్గురితో ఆడతారు కాబట్టి ఒక్కో గ్రూపుకు ఆరు మ్యాచ్‌లు, మొత్తం 48. ప్రతి గ్రూపు నుంచి ఇద్దరు ముందుకు వెళితే 16 మందితో నాకౌట్, దానికి 15 మ్యాచ్‌లు. అవే నాలుగు టేబుళ్ల మీద గ్రూపు దశకు పన్నెండు విడతలు, నాకౌట్‌కు ఐదు. పదిహేడు విడతలంటే ఏడు గంటల పైచిలుకు. ఉదయం తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం ఐదు దాకా సాగుతుంది. అదనంగా ఖర్చయ్యేది దాదాపు మూడు గంటల ఇరవై నిమిషాలు. దానికి బదులుగా వచ్చిన ప్రతి ఒక్కరికీ కనీసం మూడు మ్యాచ్‌లు ఖాయం. ముఖ్య అతిథి కోసం ఎదురుచూసే సమయం తగ్గించుకుంటేనే అందులో కొంత దొరుకుతుంది.

అమ్మాయిల విభాగంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలా చోట్ల ఒక వయసు విభాగంలో ఐదారుగురికి మించి రారు. ఆరుగురికి నాకౌట్ పెడితే ఇద్దరికి బై, అంటే ఆడకుండానే తర్వాతి రౌండులో చోటు, మొత్తం ఐదు మ్యాచ్‌లతో కథ ముగుస్తుంది. బై వచ్చిన అమ్మాయి ఒక్క మ్యాచ్ గెలిచి ఫైనల్‌కు చేరుతుంది. అదే ఆరుగురిని ఒకే గ్రూపులో అందరితో అందరినీ ఆడిస్తే 15 మ్యాచ్‌లు, ఒక్కొక్కరికి ఐదేసి. ఎంట్రీలు తక్కువగా ఉన్నాయన్న సాకుతో అమ్మాయిల విభాగాన్ని గంటలో ముగించేసే పద్ధతి నాకు అన్నింటికంటే బాధ కలిగిస్తుంది. ఎంట్రీలు తక్కువగా ఉన్నప్పుడే ఎక్కువ ఆడించడం సులువు.

ముగ్గురూ సమానమైతే ఎవరు ముందు?

గ్రూపు పద్ధతి పెట్టగానే వచ్చే పెద్ద గొడవ ఇదే. స్కోరు షీటు చుట్టూ తల్లిదండ్రులు మూగడం, ఒకరు ఫోనులో లెక్కలు వేయడం, ఇంకొకరు గొంతు పెంచడం హాళ్లలో మామూలే. అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య నియమం దీనికి స్పష్టమైన దారి చూపింది. కాకపోతే దాన్ని పోటీ మొదలుకాకముందే చదివి వినిపించేవారు తక్కువ.

నియమం ప్రకారం గెలిస్తే 2 పాయింట్లు, ఆడి ఓడితే 1, ఆడకపోతే లేదా మధ్యలో వదిలేస్తే 0. ఆడి ఓడినవాడికీ ఒక పాయింటు ఉండటంలో అర్థం ఉంది. గ్రూపులో ఇక ముందుకు వెళ్లే అవకాశం పోయిందని చివరి మ్యాచ్ ఎగ్గొట్టి బస్సెక్కేవాడికి, నిలబడి ఆడినవాడికి మధ్య తేడా చూపడానికే అది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. ఒక గ్రూపులో కర్నూలు, ఆదోని, నంద్యాల, డోన్ కుర్రాళ్లు ఉన్నారనుకుందాం. డోన్ కుర్రాడి మీద మిగతా ముగ్గురూ గెలిచారు. కర్నూలు 3-0తో ఆదోని మీద, ఆదోని 3-1తో నంద్యాల మీద, నంద్యాల 3-2తో కర్నూలు మీద గెలిచారు. ముగ్గురికీ రెండేసి గెలుపులు, ఒక్కో ఓటమి, ఐదేసి పాయింట్లు.

ఇక్కడ మొదటి సూత్రం: సమానంగా ఉన్నవారి మధ్య జరిగిన మ్యాచ్‌లను మాత్రమే చూడాలి. డోన్ కుర్రాడి మీద ఎవరు 3-0తో గెలిచారు, ఎవరు 3-2తో గట్టెక్కారు అన్నది పక్కకు పోతుంది. ఆ ముగ్గురి మధ్య చూస్తే ఒక్కొక్కరికీ ఒక గెలుపు, ఒక ఓటమి. మళ్లీ సమానమే. తర్వాతి మెట్టు గేముల నిష్పత్తి. కర్నూలు ఐదు గేములు గెలిచి మూడు ఓడింది, నిష్పత్తి 1.67. నంద్యాల నాలుగు గెలిచి ఐదు ఓడింది, 0.80. ఆదోని మూడు గెలిచి నాలుగు ఓడింది, 0.75. కర్నూలు మొదటి స్థానం, నంద్యాల రెండో స్థానం, ఆదోని ఇంటికి.

ఆదోని కుర్రాడి తండ్రి అడిగే ప్రశ్న మీరు ఊహించగలరు: మా వాడు నంద్యాల మీద గెలిచాడు కదా, వాడు ముందుకెలా వెళతాడు? అడగడంలో న్యాయం ఉంది. నిష్పత్తికి బదులు తేడా లెక్క వేసుకుంటే ఆదోనికీ నంద్యాలకూ మైనస్ ఒకటే వస్తుంది, అప్పుడు ముఖాముఖిలో గెలిచిన ఆదోని ముందుంటుంది. కానీ నియమం నిష్పత్తి చూడమంటుంది. నిష్పత్తి ముగ్గురినీ ఒకే మెట్టు మీద వేరు చేసేసింది కాబట్టి ముఖాముఖి దాకా పోవలసిన పనే లేదు. ఒకవేళ కర్నూలు ఒక్కటే తేలి, మిగిలిన ఇద్దరి నిష్పత్తి సమానమై ఉంటే, కర్నూలు ఆడిన మ్యాచ్‌లను కూడా తీసేసి ఆ ఇద్దరి మధ్య ఫలితాన్నే చూసేవారు. అప్పుడు ఆదోనిదే రెండో స్థానం. గేముల నిష్పత్తి దగ్గరా తేలకపోతే పాయింట్ల నిష్పత్తి, అదీ సమానమైతే చీటీ.

దీని నుంచి ఆటగాళ్లు నేర్చుకోవలసింది ఒకటి ఉంది. 0-2తో వెనకబడి, మ్యాచ్ ఎలాగూ పోయిందని మూడో గేము చేతులెత్తేయకూడదు. ఆదోని కుర్రాడు కర్నూలు చేతిలో ఓడినా ఒక్క గేము దక్కించుకుని ఉంటే అతని నిష్పత్తి నాలుగుకు నాలుగు, అంటే 1 అయ్యేది. రెండో స్థానం అతనిదే.

డ్రా నలుగురి ముందు తీయాలి

డ్రా గురించి అనుమానాలు పుట్టేది అది మూసిన తలుపుల వెనుక జరిగినప్పుడే. సూత్రం మాత్రం సులువు. 22 మంది ఉంటే 32 గడుల డ్రా వేసి, 10 గడులు బైగా వదలాలి. ఆ బైలు ముందుగా సీడెడ్ ఆటగాళ్లకు, అంటే బలాన్ని బట్టి ముందే వరస నంబర్లు ఇచ్చినవారికి, ఆ వరస ప్రకారం వెళ్లాలి. ఒకటో సీడు అన్నింటికంటే పైన, రెండో సీడు అన్నింటికంటే కింద, మూడు నాలుగు సీడ్లను చీటీ వేసి ఒకరిని పై అర్ధభాగం అడుగున, ఇంకొకరిని కింది అర్ధభాగం పైన పెడతారు. ఒకే క్లబ్బు లేదా ఒకే బడి పిల్లలు మొదటి రౌండులోనే తలపడకుండా వీలైనంత దూరంగా ఉంచుతారు. ప్రొద్దుటూరు నుంచి ఐదుగురిని కారులో కడపకు తీసుకొచ్చిన కోచ్‌కు, వారిలో ఇద్దరు మొదటి మ్యాచ్‌లో ఒకరితో ఒకరు ఆడటం చూడాల్సి రావడం కంటే చిరాకు ఉండదు. గ్రూపుల్లో మాత్రం ఇది తిరగబడుతుంది. ఒకే క్లబ్బువాళ్లు ఒకే గ్రూపులో పడక తప్పకపోతే వారి మ్యాచ్‌ను ముందుగానే ఆడించాలి. చివరి రౌండుకు వదిలితే ఒకరి కోసం ఇంకొకరు ఓడిపోయారన్న మాటకు చోటిచ్చినట్టవుతుంది.

జట్ల లీగు

వ్యక్తిగత పోటీలు ఎన్ని పెట్టినా ఏడాది పొడవునా పిల్లలను కట్టిపడేసేది జట్టే. పారిస్ 2024 ఒలింపిక్స్‌కు భారత పురుషుల, మహిళల జట్లు రెండూ తొలిసారి జట్టు విభాగంలో అర్హత సాధించాయి. మహిళలు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లారు. ఆ జట్టులో ఉన్న హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ సింగిల్స్‌లో చివరి 16 మందిలో నిలిచింది. ఆ స్థాయిలో జట్టుగా ఆడే ఒత్తిడి వేరు. ఆ అలవాటు మన పిల్లలకు జిల్లా స్థాయిలో అబ్బే అవకాశం ఇప్పుడు దాదాపు లేదు.

జట్టు పోటీకి నమూనాలు చాలా ఉన్నాయి. 1926 నుంచి ప్రపంచ పురుషుల జట్టు ట్రోఫీగా ఉన్న స్వేథ్లింగ్ కప్పు పేరుతో పిలిచే నేటి పద్ధతిలో ఒక్కో జట్టుకు ముగ్గురు, ఐదు సింగిల్స్. మొదటి ఇద్దరు రెండేసి మ్యాచ్‌లు, మూడోవాడు ఒకటి ఆడతారు. మూడు గెలిచిన జట్టుదే విజయం. మహిళల ట్రోఫీ అయిన కార్బిలాన్ కప్పు పేరుతో ఉన్న పద్ధతిలో ఇద్దరితోనే జట్టు కట్టవచ్చు: నాలుగు సింగిల్స్, మధ్యలో ఒక డబుల్స్. ఇంగ్లండ్ స్థానిక లీగుల్లో ముగ్గురేసి సభ్యులు ఎదుటి జట్టులోని ముగ్గురితోనూ ఆడి తొమ్మిది సింగిల్స్, చివరలో ఒక డబుల్స్ ఆడటం పాత ఆనవాయితీ. గెలిచిన ప్రతి మ్యాచ్‌కూ ఒక పాయింటు. 2017లో మొదలైన అల్టిమేట్ టేబుల్ టెన్నిస్ లీగు గెలిచిన ప్రతి గేమునూ పాయింటుగా లెక్కించింది, 10-10 దగ్గర ఒక్క పాయింటుతోనే గేము తేల్చేసింది. టీవీ కోసం చేసిన మార్పే అయినా సమయం కచ్చితంగా తెలియడం వల్ల చిన్న హాళ్లకూ పనికొచ్చే ఆలోచన.

మన జిల్లాలకు ఏది సరిపోతుంది? ఇంగ్లండ్ పద్ధతిలో అందరికీ సమానంగా మ్యాచ్‌లు దొరుకుతాయి. కానీ రెండు జట్ల మధ్య ఒక్క పోరుకు పది మ్యాచ్‌లంటే రెండు టేబుళ్ల మీద కూడా రెండు గంటలు దాటుతుంది. అది పక్కపక్క వీధుల్లో క్లబ్బులు ఉండి, వారం మధ్య రాత్రిపూట ఆడుకునేవారికి కుదురుతుంది. మనకు ఊళ్లు దూరం. కర్నూలు నుంచి అనంతపురం జాతీయ రహదారి మీద 150 కిలోమీటర్లు, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప దాదాపు 200. అందుకే అబ్బాయిలకు ఐదు సింగిల్స్ పద్ధతి, ముగ్గురు దొరకడం కష్టమైన అమ్మాయిల జట్లకు ఇద్దరితో ఆడే కార్బిలాన్ పద్ధతి మేలని నా అభిప్రాయం. ఒక్క మార్పు మాత్రం తప్పనిసరి. 3-0తో ఫలితం తేలిపోయినా ఐదు మ్యాచ్‌లూ ఆడించాలి. బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చిన పిల్లవాడిని, మీ జట్టు ముందే గెలిచింది, నీ రెండో మ్యాచ్ అక్కర్లేదు అనడం లీగు ఉద్దేశానికే విరుద్ధం.

దూరం సమస్యకు పరిష్కారం కూడళ్లు. కర్నూలు, ఆదోని, నంద్యాల, అనంతపురం, ప్రొద్దుటూరు, కడప అని ఆరు జట్లు అనుకుందాం. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో రెండుసార్లు ఆడితే 30 పోర్లు, పది రౌండ్లు. సొంత ఊరు, ఎదుటి ఊరు పద్ధతిలో ఇది 30 విడివిడి ఆటరోజులు, 30 జట్టు ప్రయాణాలు. అదే ఆరు జట్లూ ఒక ఆదివారం ఒకే ఊళ్లో చేరి రెండు లేదా మూడు రౌండ్లు ఆడితే నాలుగు ఆదివారాల్లో మొత్తం లీగు పూర్తవుతుంది. ప్రయాణాలు 20కి తగ్గుతాయి, రెఫరీ 30 రోజులకు బదులు నాలుగు రోజులు దొరికితే చాలు. ఆరు టేబుళ్లు ఉంటే ఒక్కో పోరుకు రెండేసి టేబుళ్లు ఇచ్చి గంటంపావులో రౌండు ముగించవచ్చు. మూడు టేబుళ్లే ఉంటే రెండు గంటలు పడుతుంది. ఆరు జట్లూ ఒకరి ఆట ఇంకొకరు చూడటం వల్ల కలిగే మేలు దేనితోనూ కొలవలేం.

ఎవరితో ఎవరు ఎప్పుడు ఆడాలన్న పట్టిక వేయడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఒకటో నంబరు జట్టును కదలకుండా ఉంచి, మిగతా ఐదింటిని చుట్టూ ఒక్కో గడి జరుపుతూ పోతే ఐదు రౌండ్లూ వాటంతటవే తయారవుతాయి. మొదటి రౌండు 1-6, 2-5, 3-4. జట్ల సంఖ్య బేసి అయితే ఒక ఖాళీ జట్టును కలిపి లెక్కించాలి. దానితో పడినవారికి ఆ రౌండు విశ్రాంతి.

లీగును చెడగొట్టేవి రెండు. మొదటిది మధ్యలో మానేసే జట్టు. సగం పోర్లు కూడా ఆడకుండా తప్పుకుంటే దాని ఫలితాలన్నీ కొట్టేయాలి, సగం దాటాక తప్పుకుంటే మిగిలినవి వాకోవర్లు, అంటే ఎదుటి జట్లకు ఆడకుండానే గెలుపు. ఈ మాట సీజన్ మొదలవకముందే రాసి ఉండాలి, లేకపోతే దానితో ఇంకా ఆడని జట్టుకూ అప్పటికే ఓడిన జట్టుకూ మధ్య తగవు తప్పదు. రెండోది ఫైనల్‌కు బయటి నుంచి తెచ్చే అతిథి ఆటగాడు. అనంతపురానికి బెంగళూరు, కర్నూలుకు హైదరాబాదు దగ్గరే. లీగులో కనీసం మూడు పోర్లు ఆడినవాడికే ఫైనల్‌లో చోటు అన్న ఒక్క నిబంధన చాలు. అది లేకపోతే నాలుగు ఆదివారాలు ఆడిన స్థానిక కుర్రాడు ఫైనల్ రోజు బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వస్తుంది.

మూడు నిచ్చెనలు, ఒక్క పిల్లవాడు

క్యాలెండరు దగ్గరే అసలు చిక్కు. ఒకే ఆటగాడికి మూడు వేర్వేరు దారులున్నాయి. భారత టేబుల్ టెన్నిస్ సమాఖ్య, రాష్ట్ర సంఘం, జిల్లా సంఘం ఒక దారి. ఇందులో వయసు విభాగాలు 11, 13, 15, 17, 19 ఏళ్ల లోపు. పాఠశాల క్రీడల సమాఖ్యది రెండో దారి. అక్కడ 14, 17, 19 ఏళ్ల లోపు. విశ్వవిద్యాలయాలది మూడోది. కర్నూలులో రాయలసీమ, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, జేఎన్‌టీయూ, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయాలు తమ కళాశాలల మధ్య పోటీలు పెట్టి దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు జట్లను ఎంపిక చేస్తాయి.

అంటే పద్నాలుగేళ్లు నిండిన పిల్లవాడు ఒక చోట 15 లోపు విభాగంలో బలమైన ఆటగాడు, ఇంకో చోట 17 లోపు విభాగంలో కొత్తవాడు. దీనికి తోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కడప నుంచి అన్నమయ్య వేరయ్యాయి. ఇల్లు నంద్యాల జిల్లాలో, హాస్టలు కర్నూలులో ఉన్న పిల్లవాడు ఏ జిల్లా తరఫున ఆడాలి? పాఠశాల పోటీలకు చదివే బడి ఉన్న జిల్లానే లెక్క. లీగులో మాత్రం ఈ మీమాంస అక్కర్లేదు. పిల్లవాడు సీజన్ మొదట్లో ఏ క్లబ్బు పేరు రాసుకుంటే ఏడాదంతా ఆ క్లబ్బే. జిల్లా గీతల కంటే సాధన చేసే హాలే ఆటగాడికి సొంత ఊరు.

ఈ మూడు దారుల తేదీలు ఒకదానికొకటి తగలకుండా లీగును ఎక్కడ ఇరికించాలి? జూన్‌లో బడులు తెరిచాక పిల్లలు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. జులై, ఆగస్టుల్లో రెండు ఆదివారాలు మొదటి సగానికి అనువైనవి. ఆగస్టు 29న ధ్యాన్‌చంద్ జయంతి, జాతీయ క్రీడాదినోత్సవం. ఆ రోజుకు ఎలాగూ పోటీలు పెడతారు కాబట్టి వ్యక్తిగత ర్యాంకింగ్ టోర్నమెంటును దానికి జత చేయవచ్చు. తర్వాత పాఠశాల ఎంపికలు, దసరా సెలవులు. రెండో సగం నవంబరు, డిసెంబరుల్లో, సంక్రాంతికి ముందే అయిపోవాలి. ఫిబ్రవరి వస్తే ప్రయోగ పరీక్షలు, ఆ వెంటే ఇంటర్, పది పరీక్షలు. రంజాన్ నెల ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుగా వస్తుంది. ఇప్పుడది ఫిబ్రవరి ప్రాంతంలో ఉంది, కొన్నేళ్లలో డిసెంబరుకు వస్తుంది. కర్నూలు, ఆదోని, కడప జట్లలో ఉపవాసం ఉండే పిల్లలు చాలామందే ఉంటారు. వాళ్లకు సాయంత్రం నాలుగింటికి ఫైనల్ పెట్టడం న్యాయం కాదు.

ఇంటర్ పిల్లల సంగతి మాత్రం క్యాలెండరుతో తీరేది కాదు. ఆదివారం కూడా పరీక్ష పెట్టే కళాశాలలో చేరగానే పదహారేళ్ల ఆటగాడి బ్యాటు అటక ఎక్కుతుంది. జిల్లా సంఘాలు, తల్లిదండ్రులు కలిసి ఏడాదికి నాలుగు ఆదివారాల తేదీలను జూన్‌లోనే కళాశాలలకు రాసి ఇచ్చి అడగాలి. ఆ నాలుగు రోజులు ఏవో ముందుగా తెలిస్తే ఒప్పుకునేవారు ఉంటారు. ముందురోజు రాత్రి ఫోను చేసి అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

ర్యాంకు లెక్క

సీజన్ మొత్తానికి ఒక ర్యాంకు పట్టిక ఉంటేనే సీడింగ్‌కు ఆధారం దొరుకుతుంది. లేకపోతే పోయినేడు గెలిచినవాడు, నిర్వాహకులకు తెలిసినవాడు సీడెడ్ అవుతారు. విజేతకు 100, రన్నరప్‌కు 70, సెమీస్‌లో ఓడినవారికి 50 అని ఏదో ఒక వరస పెట్టుకోవచ్చు. ముఖ్యమైనది కూడే పద్ధతి. ఐదు టోర్నమెంట్లు పెట్టి అన్నింటి పాయింట్లూ కూడితే, ఐదింటికీ వెళ్లగల డబ్బున్న ఇంటి పిల్లవాడు పైకి వస్తాడు. ప్రపంచ ర్యాంకింగ్‌లోనే ఆటగాడి అత్యుత్తమ ఎనిమిది ఫలితాలను తీసుకుంటారు. మనం ఐదింటిలో అత్యుత్తమ మూడింటిని తీసుకుంటే జ్వరం వచ్చినవాడూ, ఛార్జీలు లేక ఆగినవాడూ నష్టపోరు. జట్ల లీగులో గెలిచిన ఒక్కో సింగిల్స్ మ్యాచ్‌కూ కొన్ని పాయింట్లు కలపాలి, అప్పుడు లీగును ఎవరూ తేలికగా తీసుకోరు.

హాలు, ఫ్యాను, బంతి

అంతర్జాతీయ పోటీల్లో ఒక్కో టేబుల్‌కు 14 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు స్థలం ఇస్తారు. అంటే ఒక బ్యాడ్మింటన్ కోర్టు కంటే కొంచెం ఎక్కువ. స్థానికంగా రెండు కోర్టుల్లో మూడు టేబుళ్లు సర్దుకోవచ్చు, అంతకంటే ఇరికిస్తే వెనక్కి తగ్గి ఆడే పిల్లవాడికి అన్యాయం. బంతి బరువు 2.7 గ్రాములే. ఫ్యాను గాలికి అది దారి మళ్లుతుంది కాబట్టి ఫ్యాన్లు ఆపక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో రేకుల కప్పు కింద ఫ్యాన్లు ఆపి పిల్లలను ఏడు గంటలు ఆడించడం ప్రమాదం. వేసవిలో ఉదయం ఆరు నుంచి పది దాకా శిబిరాలు నడపవచ్చు గానీ పోటీలు వద్దు.

అంపైర్ల కొరతకు పాత పద్ధతే మందు. ఓడినవారు తర్వాతి మ్యాచ్‌కు అంపైరుగా కూర్చోవాలి. సర్వీసులో బంతి కనీసం 16 సెంటీమీటర్లు పైకి లేవాలని, చేతితో దాన్ని కప్పకూడదని పుస్తకంలో చదివినదాని కంటే కుర్చీలో కూర్చుని చూసినప్పుడు బాగా ఒంటబడుతుంది. 2014 నుంచి వచ్చిన ప్లాస్టిక్ బంతులు త్వరగా పగులుతాయి, కాబట్టి ఖర్చులో బంతులకు పెద్ద వాటా పెట్టుకోవాలి. కప్పుల సైజు సగానికి తగ్గించి ఆ డబ్బుతో బంతులు కొనండి, దూరం నుంచి వచ్చే జట్లకు భోజనం పెట్టండి. ప్రతి రౌండు ఫలితాలను ఆ రోజు సాయంత్రమే అందరికీ పంపి, అభ్యంతరాలకు మరుసటి రోజు దాకా గడువు ఇవ్వండి.

ఆరు జట్లు దొరకడం మొదటి ఏడాది కష్టమే. నాలుగు చాలు. కర్నూలు, ఆదోని, గుంతకల్లు, అనంతపురం తీసుకుంటే నాలుగింటినీ రైలు కలుపుతుంది. కర్నూలు వాళ్లు డోన్ మీదుగా, మిగతావాళ్లు నేరుగా గుంతకల్లు జంక్షన్‌లో దిగవచ్చు. నాలుగు జట్లు రెండుసార్లు తలపడితే 12 పోర్లు, ఆరు రౌండ్లు. ఒక్కో ఆదివారం మూడు రౌండ్లు, నాలుగు టేబుళ్లు. జులైలో ఒక ఆదివారం, నవంబరులో ఒక ఆదివారం గుంతకల్లులో హాలు మాట్లాడుకుంటే లీగు జరిగిపోతుంది. మూడో సభ్యుడికి సైతం ఆరు మ్యాచ్‌లు, మొదటి ఇద్దరికీ పన్నెండేసి దక్కుతాయి.